అశ్వత్థన్న హిల్ స్టేషను

కోలారు బంగారు గనుల ఊళ్లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో బట్టల అంగడి నడిపిన అశ్వత్థప్పకు ఉన్న పిచ్చి ఒక్కటే. మా ఊరు హిల్ స్టేషను అని ఆయన నమ్మకం. అది అట్లాంటిట్లాంటి నమ్మకం కాదు. ఏప్రిల్ నెలలో రోడ్డు మీది తారు కరిగి చెప్పులకు అంటుకునే మధ్యాహ్నం పూట, ఆయన ఒంటికి బొద్దు స్వెటరు తొడుక్కుని, మెడకు మఫ్లరు చుట్టుకుని, నెత్తి మీద మంకీ క్యాపు దించుకుని, అంగడి ముందు కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. దారిన పోయేవాళ్లను పిలిచి చలి ఎక్కువైంది కదా అని అడిగేవాడు. వాళ్లు మొహం మీది చెమట తుడుచుకుంటూ అవునన్నా అని చెప్పి వెళ్లిపోయేవాళ్లు. కాదంటే ఆయన కూర్చోబెట్టి నిరూపిస్తాడు. అంత తీరిక ఎవరికుంటుంది?

నాకుండేది. ఆయన పక్క అంగడి నాది, పాత్రల అంగడి. బిందె అనేది మనిషి ఒకసారి కొంటే మళ్లీ కూతురు పెళ్లికి గాని కొనడు. అందువల్ల నాకు బేరం తక్కువ, తీరిక ఎక్కువ. ఆ లెక్కన అశ్వత్థన్న నిరూపణలన్నీ మొదటిగా విన్నవాణ్ణి నేనే.

ఒకనాడు నేను ధైర్యం చేసి, హిల్ స్టేషనంటే ఎత్తుండాలి కదన్నా, మనకు ఎత్తు యాడుండాది అన్నాను.

"ఎత్తు యాణ్ణించి కొలుస్తావు?" అని అడిగినాడు.

"నేల మీదనుంచి."

"అదే నువ్వు చేసే తప్పు. ఊటీవాళ్లకు కింద గని లేదు, వాళ్లు నేల మీదనుంచి కొలుచుకుంటారు. మనకు రెండు మైళ్ల గని ఉండాది. దాని అడుగునుంచి కొలువు. అడుగున నిలబడి తలెత్తి చూస్తే రాబర్ట్‌సన్‌పేట యాడుండాది? మేఘాలు దాటి పైన ఉండాది. ఊటీ మన మోకాలికి కూడా రాదప్పా."

నేను కాసేపు ఆలోచించుకున్నాను. ఆయన మాటలో తప్పుందని తెలుస్తూనే ఉంది గాని ఎక్కడుందో దొరకలేదు.

అంతటితో ఆగితే ఆయన అశ్వత్థన్న ఎందుకవుతాడు? ఊరి చరిత్ర అంతా ఆయన ఈ దారిలోకే మళ్లించినాడు. తెల్లదొరలు మా ఊరికి బంగారం కోసం వచ్చినారని లోకమంతా అనుకుంటుంది. ఆయన ప్రకారం బంగారం ఒక సాకు. దొరలు వచ్చింది గాలి కోసం. ఎర్ర పెంకుల బంగళాలు కట్టుకుని, గులాబీ తోటలు వేసుకుని, క్లబ్బులో సాయంత్రాలు కూర్చున్నది ఈ చలి గాలికే. గాలికి వచ్చినవాళ్లు అంత లోతు గొయ్యి ఎందుకు తవ్వినారన్నా అని అడిగితే, ఏమాత్రం తడుముకోకుండా, "ఎత్తు పెంచడానికి" అన్నాడు.

ఇది గనులు సర్కారువి అయిపోయిన తర్వాతి మాట. దొరలు సామాన్లు సర్దుకుని ఓడలెక్కి వెళ్లిపోయినారు. బంగళాల్లోకి మన ఆఫీసర్లు వచ్చినారు. మిగతా ఊరు మాత్రం అట్లాగే ఉంది. షిఫ్టు మారేటప్పుడు గని సైరను, అదే మా సంగు, కూసేది, తలమీద దీపం కట్టుకుని గనివాళ్లు సాలుగా పోయేవాళ్లు, ఆదివారం చర్చిగంటలు మోగేవి, బజారులో తెలుగు, తమిళం, కన్నడం మూడూ ఒకే వాక్యంలో దూరి బయటికి వచ్చేవి. ఊరి చుట్టూ సైనైడ్ దిబ్బలు. బంగారం తీసుకున్నాక మిగిలిన రాతిపిండిని తరతరాలుగా కుప్పపోస్తే కొండలంత పెరిగిన దిబ్బలవి. గాలి లేస్తే వాటిమీది తెల్లదుమ్ము ఊరంతా పరుచుకునేది. ఆ దిబ్బలన్నింటికీ అశ్వత్థన్న పేర్లు పెట్టినాడు. ఒకటి చిన్న ఊటీ, ఒకటి పెద్ద ఊటీ, మారికుప్పం వైపు ఉన్నది కొడైకెనాలు.

అప్పుడప్పుడు గని లోపల రాయి పగిలి ఊరంతా అదిరేది. మేము దాన్ని ఏర్ బ్లాస్ట్ అనేవాళ్లం. నా అంగడిలో చెంబులన్నీ గలగలమనేవి. చిన్న అదురైతే అశ్వత్థన్న కుర్చీలోంచి లేవకుండానే, ఊరు ఇంకొంచెం పెరిగిందప్పా అనేవాడు. పెద్ద అదురైతే మాత్రం ఏమీ అనేవాడు కాదు. మంకీ క్యాపు తీసి చేత పట్టుకుని, అంగడి తలుపు దగ్గరికి వేసి, మిగతా బజారుతో పాటు గనిలోకి దిగే షాఫ్టు వైపు నడిచేవాడు. లోపలికి పోయినవాళ్లందరూ పైకి వచ్చినారని తెలిసేదాకా తిరిగి వచ్చేవాడు కాదు.

ఈ హిల్ స్టేషను పిచ్చితో ఆయన అంగడిలో చీరలు, పంచెలు ఒక మూలకు చేరి, స్వెటర్లు అరలన్నీ ఆక్రమించినాయి. యాణ్ణించి తెప్పిస్తావన్నా అంటే కాశ్మీరు నుంచి అనేవాడు. చాలా స్వెటర్ల మీద ఎదురురొమ్మున షాఫ్టు చక్రం బొమ్మ ఉండేది. కాశ్మీరులో కూడా గనులున్నాయి కాబోలు అనుకున్నాను.

ఆయన చేత స్వెటరు తొడిగించుకోని మనిషి ఊళ్లో లేడు. వైశాఖమాసం పెళ్లికి పోతే వధూవరులకు చెరొక స్వెటరు చదివించి, అక్కడే తొడుక్కోమని కూర్చునేవాడు. ఆ కాలంలో మా ఊళ్లో తీసిన పెళ్లిఫొటోలు చూడండి. బాసికం కింద మొహం, మొహం కింద స్వెటరు, కళ్లల్లో నీళ్లు. ఆ నీళ్లు అప్పగింతలవని బంధువులు అనుకునేవాళ్లు. బూదికోట నుంచి ఆయన బావమరిది నంజుండప్ప చుట్టపుచూపుగా వచ్చి, స్వెటరు తొడుక్కుని వేడివేడి రాగిముద్ద, ఉలవచారు తిని, మళ్లీ ఆ ఊరి వైపు తలపెట్టనని వెళ్లినవాడు నిజంగానే పెట్టలేదు.

జేవియర్ బ్యాండుమేళం సంగతి అన్నింటికంటే ఘనం. జేవియర్ ఛాంపియన్ రీఫ్స్ లైన్లలో, అంటే గనివాళ్ల వరస ఇళ్లలో, ఉండే గని కార్మికుడు, పెళ్లిళ్లకూ చావులకూ బ్యాండు వాయించేవాడు. మేళానికి యూనిఫారం లేదని ఆయన బాధపడుతుంటే అశ్వత్థన్న అందరికీ స్వెటర్లు అంటగట్టినాడు. ఎండలో స్వెటరుతో సన్నాయీ క్లారినెట్టూ ఊదేవాళ్లకు ఊపిరి ఎక్కడిది? దాంతో అన్ని పాటలూ సగం వేగంతో వాయించేవాళ్లు. ఊరేగింపు వీధిలోకి వస్తే అది పెళ్లో చావో గుర్రం కనిపించేదాకా తెలిసేది కాదు.

ఇంత జరిగినా ఊళ్లో ఆయన్ను ఎవరూ కసిరింది లేదు. ముఖ్యంగా గనివాళ్లు. గని అడుగున ఒళ్లు కుతకుత ఉడుకుతుంది. ఒకసారి జేవియర్ నాతో అన్నాడు. "కింద షిఫ్టు చేసి పైకి వస్తే మాకు ఈ ఊరు హిల్ స్టేషనేనన్నా. అశ్వత్థన్న చెప్పేది మీకు అబద్ధం, మాకు కాదు."

తర్వాత అశ్వత్థన్న ఒక సమితి పెట్టినాడు. దాని పేరు హిల్ స్టేషను సాధన సమితి. అధ్యక్షుడు ఆయన. కార్యదర్శిని నేనట. ఆ సంగతి నాకు బోర్డు చూస్తే తెలిసింది. చిన్నవెంకటప్ప, పాత్రల అంగడి అని నా పేరు రంగుతో రాయించేసినాడు. రంగు ఆరిపోయింది, ఇంగ తుడిస్తే పోదు అన్నాడు. సమితి తరఫున బెంగళూరుకు అర్జీ మీద అర్జీ పోయింది. వీటికి తట్టుకోలేక ఎవరో పెద్దాయన, ఒక ఆఫీసరును పంపించి చూపించేసి ఈ పీడ వదిలించుకుందామనుకున్నట్టున్నాడు. ఆఫీసరు వస్తున్నాడని కబురు వచ్చింది. వచ్చేది మే నెలలో.

కబురు వినగానే నేను సమితి నుంచి రాజీనామా చేస్తానన్నాను. సమితి నియమాల్లో రాజీనామా లేదని ఆయన అన్నాడు. అంతటితో ఆగకుండా, ఆఫీసరు వచ్చిన దినం ఊళ్లో ప్రతి మనిషీ స్వెటరుతో కనపడాలని గుడికి పోయి చెప్పినాడు, చర్చికి పోయి చెప్పినాడు, మసీదు ముందు నిలబడి చెప్పినాడు, యూనియన్ ఆఫీసులో చెప్పినాడు. ఏ కారణంచేతనూ విప్పరాదని షరతు పెట్టినాడు. జనం మొదట నవ్వినారు. తర్వాత తిట్టుకున్నారు. తర్వాత ఒకరి వెనక ఒకరు వచ్చి కొనుక్కున్నారు. అప్పటికి ఉన్నవాళ్లు తమవి పెట్టెల్లోంచి తీసి దులుపుకున్నారు. అశ్వత్థన్న అంగడిలో అరలన్నీ ఖాళీ అయిపోయినాయి. ఖాళీ అరలు చూసుకుని ఆయన మురిసిపోతుంటే, హిల్ స్టేషను వచ్చేసినట్టే మురిసిపోతున్నాడే పాపం, రేపు ఆఫీసరు కాదంటే ఈ మనిషి ఏమైపోతాడో అని నాకు నిజంగానే బెంగ పట్టుకుంది. ఊరంతటికీ అదే బెంగ.

ఆఫీసరు పేరు శ్రీకంఠయ్య. పలచటి చొక్కా, నల్లకళ్లద్దాలు, భుజాన తుండుగుడ్డతో మారికుప్పం స్టేషనులో రైలు దిగినాడు. ప్లాట్‌ఫారం నిండా స్వెటర్ల జనం. జేవియర్ మేళం స్వాగతగీతం మొదలుపెట్టింది. అది విని శ్రీకంఠయ్య కళ్లద్దాలు తీసి, గొంతు తగ్గించి, ఎవరు పోయినారు అని నన్ను అడిగినాడు.

జట్కాలో ఊరు చూపించుకుంటూ పోయినాము. ఇడ్లీలమ్మే ఆమె స్వెటరు వేసుకుని పొయ్యి ఊదుతూ ఉంది. పూలమ్మే ఆమె స్వెటరు వేసుకుని మల్లెలు కడుతూ ఉంది. వీధికొళాయి దగ్గర ఒక పెద్దమనిషి స్వెటరు వేసుకునే నెత్తిన చెంబులతో నీళ్లు పోసుకుంటూ ఉన్నాడు. విప్పరాదన్న షరతును ఆయన మనసారా పాటిస్తున్నాడు. ఆఫీసరు జట్కాలోంచి వెనక్కి తిరిగి మరీ చూసినాడు. జట్కాలోనే అశ్వత్థన్న ఆయనకు కూడా ఒక స్వెటరు తొడిగేసినాడు. వద్దనడానికి ఆయన నోరు తెరిచేలోపు తల దూరిపోయింది.

చిన్న ఊటీ దిబ్బ కిందికి వచ్చేసరికి గాలి లేచింది. దిబ్బ మీది తెల్లదుమ్ము మేఘంలాగా లేచి మా మీద కురిసింది. ఆఫీసరు మీసాలు తెల్లబడినాయి. ఆయన ఒకదాని వెంట ఒకటి తుమ్మి, ఇది ఏమిటి అన్నాడు.

"మంచు సార్" అన్నాడు అశ్వత్థన్న.

ఆఫీసరు చేత్తో తీసి నలిపి చూసినాడు. "ఇది వెచ్చగా ఉందే."

"మే నెల కదా సార్. ఎండకు వేడెక్కిండాది."

ఆఫీసరు ఆ మంచును తుండుగుడ్డతో తుడుచుకుంటూ ఉండగా అశ్వత్థన్న దిబ్బ వైపు చెయ్యి చాపి, ఇక్కడి చలికి తట్టుకోలేక దొరసానులు రెండు శాలువాలు కప్పుకునేవాళ్లని చెప్పడం మొదలుపెట్టినాడు. శాలువా అన్న మాట సగంలో ఉండగానే ఆయన కళ్లు తేలిపోయినాయి. నిలువునా ఊగి, అట్లాగే ఆఫీసరు మీద వాలిపోయినాడు. ఎండదెబ్బ.

"ఈయనకేమైంది?" అని ఆఫీసరు కంగారుగా అడిగినాడు.

కార్యదర్శిగా నేను ఆ సమితికి చేసిన సేవ ఒక్కటే. "చలికి బిగుసుకుపోయినాడు సార్" అన్నాను.

జేవియరూ నేనూ కలిసి అశ్వత్థన్నను జట్కాలో వేసుకుని ఇంటికి చేర్చినాము. వీధి చివర ఉండే కాంపౌండరు వచ్చి మొహం మీద నీళ్లు చల్లి, నాడి చూసి, భయం లేదు, ముందు ఆ స్వెటరు తియ్యండి అన్నాడు. తడిసి ఒంటికి అతుక్కుపోయి అది రాలేదు. కత్తెరతో కత్తిరించి తీసినారు.

తీసి చూసినాము. మెడనుంచి నడుం దాకా వీపంతా చెమటకాయలు, వాటి మీద ఎర్రటి దద్దుర్లు, గోకి గోకి అయిన గీతలు. కొన్ని పాతవి, కొన్ని కొత్తవి. ఆయన భార్య నాగరత్నమ్మ గాభరా పడలేదు. లోపలినుంచి సానరాయి, గంధపు చెక్క, గిన్నెలో నీళ్లు తెచ్చి, రోజూ చేసే పనిలాగా కూర్చుని గంధం తీసి వీపుకు పూయసాగింది. కాంపౌండరు, ఇట్లా ఎన్నాళ్లనుంచి అని అడిగితే, చల్లటి మజ్జిగ తాగిపోండి అని ఆయన్ను సాగనంపింది.

అంతలో వాకిట్లో చెప్పుల చప్పుడైంది. "అక్కా, అన్నకు ఎట్లుండాది?" అంటూ లూర్దమ్మ లోపలికి వచ్చింది. లూర్దమ్మ ఛాంపియన్ రీఫ్స్ లైన్లలో ఉండే మనిషి. ఆమె భర్త గనిలో రాయి పగిలి చనిపోయి కొన్నేళ్లయింది. నాగరత్నమ్మ చప్పున మంచం మీది దుప్పటి లాగి భర్త వీపు మెడ దాకా కప్పేసింది. కప్పి, నా వైపు చూసిన చూపులో నోరు మూసుకోమని స్పష్టంగా ఉంది.

లూర్దమ్మ మంచం పక్కన నిలబడి, "ఊరంతా వేసుకునిండారు అన్నా. మా లైను ఆడోళ్లందరం రోడ్డు మీద నిలబడి కండ్ల నిండా చూసినాము" అన్నది. ఆయన దుప్పటి కిందనుంచి తలూపినాడు. "నువ్వు చలికి బిగుసుకుపోయినావని చెప్పుకుంటా ఉండారు. మాకు బాధయింది. ఈ మాటు బొద్దు ఉన్నితో, రెండు వరసలు పెట్టి నీకొకటి అల్లుకొస్తాను" అని కూడా అన్నది.

"అట్లే కానీ అమ్మా" అన్నాడు అశ్వత్థన్న. ఆ మాట వచ్చిన గొంతును ఇప్పటికీ నేను మరిచిపోలేను. చలి అని పుట్టించినవాణ్ణి నేనే కాబట్టి ఆయన నా వైపు చూసిన చూపును కూడా.

లూర్దమ్మ వెళ్లిపోయినాక నాగరత్నమ్మ దుప్పటి తీసి మళ్లీ గంధం పూయడం మొదలుపెట్టింది. నేను అడగకముందే తనే చెప్పింది.

"ఆయనకు ఉన్ని పడదప్పా. చిన్నప్పటినుంచీ అంతే. గొర్రెలమంద పక్కన నడిచినా ఒళ్లంతా దద్దుర్లు వచ్చేవని మా అత్త చెప్పేది."

"మరి ఎందుకమ్మా ఇదంతా?"

ఆమె భర్త వైపు చూసింది. ఆయన గోడ వైపు తిరిగి నిద్రపోతున్నట్టు నటించినాడు. అప్పుడామె చెప్పిన సంగతి ఇది. దొరలున్న కాలంలో ఒక దొరసాని లైన్లలోని ఆడవాళ్లకు స్వెటర్లు అల్లడం నేర్పింది. అల్లినవి దొరసానులే కొని సీమకు పంపించుకునేవాళ్లు. దొరలు పోయినారు, కొనేవాళ్లు పోయినారు. లూర్దమ్మకు మొగుడు పోయినాడు. చేతిలో మిగిలింది ఆ రెండు సూదులే. ఒక వేసంగిలో ఆమె ఒక స్వెటరు పట్టుకుని అశ్వత్థన్న అంగడికి వచ్చి, అమ్ముడు పోతాదా అన్నా అని అడిగింది. ఆయన బియ్యం ఇప్పిస్తానన్నాడు. ఆమె వద్దన్నది. అడుక్కోను రాలేదు, పని తెలుసు, పని పెట్టుకుని వచ్చినాను, పోదంటే చెప్పు, ఎత్తుకుని పోతాను అన్నది.

"ఆ ఎండలో దాన్ని ఎవరు కొంటారప్పా?" అన్నది నాగరత్నమ్మ. "పోదు అనడానికి ఈయనకు నోరు రాలేదు. మనది హిల్ స్టేషను కదమ్మా, ఎందుకు పోదు అనేసినాడు. అనేసి ఇంటికొచ్చి, ఇంగ ఏం చేసేదే అని నన్ను అడిగినాడు. మరుదినం ఆమె వచ్చే వేళకు అది అంగడిలో ఉండకూడదు గదా. యాడ పెట్టేదో తెలీక తనే తొడుక్కున్నాడు. ఆమె చూసి సంతోషపడి, వారానికి లైన్లో ఉండే ఆడోళ్లందరినీ పిలుచుకుని వచ్చింది."

ఒక ఆడమనిషితో అనేసిన మాట నిలబెట్టడానికి ఈయన ఊరిని మొత్తం ఎత్తి మేఘాల్లో పెట్టినాడన్నమాట. నేను మంచం దగ్గరికి పోయి, అన్నా, ఈ సంగతి నాకు ముందే చెప్పి ఉంటే నేను కూడా తోడు అబద్ధమాడేవాణ్ణి కదా అన్నాను.

ఆయన గోడవైపే తిరిగి ఉండి, "నీకు అబద్ధమాడను రాదప్పా. చలికి బిగుసుకుపోయినాడంట" అన్నాడు. కాసేపు ఆగి, "సుమ్నే ఉండు, ఎవరితోనూ అనొద్దు. ఆమెకు నా ఒంటి సంగతి తెలియకూడదు. ఆఫీసరు ఏమన్నాడు?" అని అడిగినాడు.

ఆఫీసరు అప్పటికి ఏమీ అనకుండానే రైలెక్కినాడు. నెలరోజుల తర్వాత జవాబు వచ్చింది. ఈ ఊరు ఏ కొలత ప్రకారమూ హిల్ స్టేషను కాదని, కింది నుంచి కొలిచే పద్ధతి ప్రభుత్వంవారి దగ్గర లేదని అందులో ఉంది. ఊరంతా అశ్వత్థన్న మొహం చూడటానికి భయపడింది. అయితే ఆ వారమే శ్రీకంఠయ్య మళ్లీ రైలు దిగినాడు. ఈసారి భార్య దాక్షాయణమ్మను వెంటబెట్టుకుని వచ్చినాడు. ఆమె బెంగళూరులో ఒక పెద్ద బడికి హెడ్‌మిస్ట్రెసు. ఆయన ఒంటిమీద ఇంటికి చేరిన స్వెటరును ఆమె తిరగేసి, అల్లిక చూసి, ఇది ఎవరు అల్లినారని అడిగిందట. కాశ్మీరువాళ్లు అని ఆయన చెబితే, కాశ్మీరువాళ్లు ఈ కుట్టు వేయరు అన్నదట. బడిపిల్లలకు ప్రతి ఏడూ స్వెటర్లు కావాలి, అల్లేవాళ్లతోనే మాట్లాడతాను అని ఆమె పట్టుబట్టింది.

అశ్వత్థన్న ఆమెను నేరుగా లూర్దమ్మ ఇంటికి పిలుచుకుని పోయినాడు. తలుపు దగ్గర వదిలేసి, తనకు పని ఉందని వెనక్కి వచ్చేసినాడు. ఆ పొద్దునుంచి లైన్లలో ప్రతి గడప ముందూ నీలంరంగు ఉన్ని ఉండలు దొర్లుతూ కనపడేవి. అల్లేవాళ్లు చాలక లూర్దమ్మ కొత్తవాళ్లకు నేర్పసాగింది. ఇంక ఆయన అంగడికి ఇవ్వడానికి స్వెటర్లు లేవని ఆమె ఎంతో నొచ్చుకుంటూ వచ్చి చెప్పింది. అశ్వత్థన్న కూడా బాగా నొచ్చుకున్నట్టే మొహం పెట్టినాడు.

మరుదినం ఆయన పలచటి మల్లు జుబ్బా వేసుకుని అంగడికి వచ్చినాడు. బజారు బజారంతా నిలబడి చూసింది. ఎవరో హిల్ స్టేషను ఏమైందన్నా అని అడిగితే, వాతావరణం మారిందప్పా అన్నాడు. జేవియర్ మేళంవాళ్లు స్వెటర్లు విప్పేసినాక అసలు వేగంతో వాయిస్తే పెళ్లికొడుకు గుర్రం బెదిరిపోయింది. అంతా మామూలైపోయింది. మామూలైపోయినందుకు నాకే ఏదో వెలితిగా ఉండేది. పక్కనుంచి కొత్త సంగతి ఒక్కటీ వినపడేది కాదు. చీరలు, పంచెలు, మూర కొలత. అంతే.

ఆ ఏడు వానలు పడలేదు. కోలారు సీమలో వానలు పడకపోవడం ఎవరికీ వార్త కాదు. చెరువులు ఎండి పగుళ్లు ఇచ్చినాయి. ఒకనాటి పొద్దున నేను అంగడి తెరుస్తుంటే, పక్కన అశ్వత్థన్న నల్లటి కొత్త గొడుగు విప్పి పట్టుకుని, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టుకుని, కుర్చీలో కాళ్లు పైకి ముడుచుకుని కూర్చున్నాడు. పైన ఆకాశం ఒక్క మబ్బు ముక్క లేకుండా తళతళలాడుతూ ఉంది.

"చిన్నెంకటప్పా, నీ పాత్రలు పై అరలకు ఎక్కించుకో. ఈ వానకు బజారు నిలబడదు" అన్నాడు.

నేను ఆయన వెనక అంగడిలోకి తొంగి చూసినాను. గోడ పొడుగునా నల్ల గొడుగులు వేలాడుతూ ఉన్నాయి. లోపల స్టూలు మీద ఆరోగ్యస్వామి కూర్చుని గొడుగు కమ్ములకు దారం బిగిస్తూ ఉన్నాడు. ఆయన ఆ ఎండాకాలంలోనే గనిలో ఒక కాలు పోగొట్టుకున్న మనిషి. ఆస్పత్రిలో పక్క మంచం మీది మలయాళీ దగ్గర గొడుగులు కట్టడం నేర్చుకున్నాడట. నన్ను చూసి, "నిజంగానే పోతాయా అన్నా ఇవి?" అని నెమ్మదిగా అడిగినాడు.

నేను నా అంగడికి పోయి కింది వరసలోని బిందెలన్నీ పై అరలోకి ఎక్కించినాను. తిరిగి వచ్చి నాకొకటి, ఇంట్లోవాళ్లకొకటి గొడుగు తీసుకున్నాను. సాయంత్రం తాళం వేసి, రోడ్డు మీదికి వచ్చి గొడుగు విప్పుకున్నాను. తలెత్తి చూస్తే, బజారులో అప్పటికే సగం మంది విప్పుకుని ఉన్నారు.